దొంగ బాబాయ్ తట్టిన తలుపు

బడులకు భద్రత అమ్మే కంపెనీలో అందరూ ఆయన్ని దొంగ బాబాయ్ అంటారు. దొంగొస్తే పిల్లలేం చేస్తారో చూసే పరీక్షల్లో దొంగ వేషం ఆయనదే. గంట మోగగానే పిల్లలు తరగతిలో గడియ పెట్టుకుంటారు. ఈయన బయట నిలబడి, గొంతులో తేనె పోసుకుని, "నేనమ్మా, తాతయ్యని. తలుపు తియ్యి" అని బతిమాలాలి. ఎవరూ తీయకపోతే బడి నెగ్గినట్టు. భార్య పోయిన ఈ ఆరేళ్లూ ఆయనకు మూసిన తలుపుల ముందే పొద్దుగూకుతోంది.

కిందటి నెల ఒక బడిలో, టీచరమ్మ పట్టుకునేలోపే, రెండు జడల పిల్ల ఒకతె తలుపు తీసేసింది.

"ఎందుకు తీశావే తల్లీ?" అన్నాడు, నిజంగానే కంగారుపడి.

"పాపం, ఎంతసేపట్నుంచో ఒక్కరే నించున్నారు కదా తాతయ్యా!"

ఆయన ఆ పిల్ల తల నిమిరాడు. కాగితం మీద మాత్రం 'తప్పారు' అని రాశాడు. రాయక చస్తాడా? అది చూపించి కంపెనీ ఆ బడికి ఇంకో శిక్షణ అంటగట్టింది.

ఈ నెల మళ్లీ వెళ్లాడు. అదే తలుపు, అదే తేనె గొంతు. లోపల చీమ చిటుక్కుమనలేదు. 'నెగ్గారు' అని రాసి కలం జేబులో పెట్టుకున్నాడు. పనైపోయింది. అయినా కదల్లేక ఇంకోసారి తట్టి పిలిచాడు, ఈసారి తన సొంత గొంతుతో.

"నేనేనమ్మా."