గేమ్ పెట్టెలో పొగ

మా నాన్న మెట్టుగూడలో రైల్వే గుమాస్తా. ఆఫీసులో ఆయన పక్క కుర్చీ మనిషికి బదిలీ అయినప్పుడు, సామాన్ల లారీలో పట్టని వస్తువులను తలా ఒకటి పంచిపెట్టి వెళ్ళాడు. నాన్న వంతుకు ఒక నల్ల పెట్టె వచ్చింది. అది డీవీడీ ప్లేయర్ అనుకుని, చర్చి పాటల డిస్కులు పెట్టుకోవచ్చని ఆయన సంతోషంగా తార్నాక మోసుకొచ్చారు. ఇంటికొచ్చి తెరిస్తే లోపల క్రికెట్ ఆట డిస్కు ఒకటి మిగిలిపోయి ఉంది. ఇది వీడియో గేమ్ కన్సోల్ అని నేను చెప్పాను. అయితే తిరిగిచ్చేద్దామన్నారు నాన్న. లారీ అప్పటికే వెళ్ళిపోయింది.

అలా యాభై ఆరేళ్ల వయసులో నాన్న ఆటలో పడ్డారు. పొద్దున ప్రార్థన అయ్యాక, బస్సు టైముకు ముందు, ఇస్త్రీ చొక్కా వేసుకుని సోఫా అంచున నిటారుగా కూర్చుని రెండు ఓవర్లు ఆడేవారు. అవుటైతే ఎవరినీ ఏమీ అనేవారు కాదు. రిమోట్‌ని మాత్రం అనుమానంగా ఒకసారి తిప్పి చూసేవారు. అమ్మ స్కూలు టీచరు. ఆమె ఈ విషయంలో ఏ అభిప్రాయమూ చెప్పలేదు. మా ఇంట్లో దాన్ని అనుమతి కిందే తీసుకోవాలి.

నేనప్పుడు యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజులవి. క్లాసులు జరిగే రోజులకంటే జరగని రోజులే ఎక్కువగా ఉండేవి. మా ఇల్లు క్యాంపస్‌కు దగ్గరి సందులో ఉండడంవల్ల, గేటు దగ్గర పోలీసులు టియర్ గ్యాస్ వదిలితే గాలివాటాన్ని బట్టి మా వంటింట్లోకి వచ్చేది. కిటికీలు మూసి, తలుపు సందుల్లో తడి గుడ్డలు కుక్కి, ముగ్గురం మధ్య గదిలో కూర్చుని దగ్గేవాళ్ళం. మేం కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళం. నాతో చదివేవాళ్ళలో సగంమంది ఆ సమయానికి గేటు దగ్గర ఉండేవారు. మర్నాడు ల్యాబులో వాళ్ళూ నేనూ ఒకేలా దగ్గేవాళ్ళం.

అలాంటి ఒక బంద్ రోజు మధ్యాహ్నం, ఆఫీసు లేక నాన్న తీరిగ్గా ఆడుతుండగా కన్సోల్ ఆగిపోయింది. ఆకుపచ్చగా వెలగాల్సిన చిన్న దీపం ఎర్రగా మారి, ఆరుతూ వెలుగుతూ ఉంది. నాన్న ప్లగ్గు పీకి, పెట్టి, మళ్ళీ పీకి, నా వైపు తిరిగారు.

"ఏమైందంటావమ్మా?"

నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "ఆ పొగలో సన్నటి పొడి ఉంటుంది కదా నాన్నా. లోపలికి పోయి పాడుచేసిందేమో" అన్నాను.

నా వాక్యం చివర ఒక 'ఏమో' ఉంది. అది మా గేటు దాటలేదు.

ఆదివారం చర్చి బయట నాన్న ఈ సంగతి ఒకాయనకు చెప్పారు. ఆయన ఇంట్లోనూ అలాంటి పెట్టె ఉందట. మా అమ్మాయి కెమిస్ట్రీ చదువుతోంది, గ్యాస్ పొడి చిప్పుల్లోకి పోతుందని చెప్పింది అన్నారు నాన్న. విన్నాయన మల్కాజ్‌గిరిలో ఉన్న తన మేనల్లుడికి ఫోన్ చేసి జాగ్రత్త చెప్పారు. గురువారం నాటికి, మల్కాజ్‌గిరి నుంచి వచ్చే నా ల్యాబు స్నేహితురాలు ఆ జాగ్రత్తను నాకే తెచ్చింది.

"మీ ఇంట్ల గేమ్ బాక్స్ ఉంటే తడి టవల్ కప్పుర్రి. టియర్ గ్యాస్ చిప్పుని తింటదట. మన డిపార్ట్‌మెంట్లనే ఎవరో టెస్ట్ చేసిన్రట" అంది.

ఎవరు చేశారని అడిగాను. "నీకు తెల్సే ఉంటదనుకున్న" అంది.

తడి టవల్ నాది కాదు. అది తార్నాకకూ మల్కాజ్‌గిరికీ మధ్య ఎక్కడో వచ్చి చేరింది. గ్యాస్ వచ్చినప్పుడు మొహానికి తడిగుడ్డ పెట్టుకోమనేవారు కాబట్టి, యంత్రానికీ అదే మంచిదని ఎవరికో తోచి ఉంటుంది.

రెండు వారాల్లో ఆ మాట రెండుగా చీలింది. మా కాలనీలో, కోస్తా కుటుంబాల ఇళ్ళలో, ఇదంతా యూనివర్సిటీ హాస్టల్ వాళ్ళ పని అన్నారు. మన కిటికీల దగ్గర వాళ్ళే ఏదో పొడి చల్లుతున్నారని చూసినవాళ్ళను చూసినవాళ్ళు చెప్పారు. క్యాంపస్‌లో, పోలీసులు ఎక్కడినుంచో కొత్త రకం గ్యాస్ తెప్పించారన్నారు. కన్సోళ్ళు పాడవుతున్నాయన్న దగ్గర మాత్రం ఇరుపక్షాలకూ పేచీ లేదు. అంబర్‌పేట్‌లో ఒక షాపువాడు 'గ్యాస్ పట్టిన గేమ్ బాక్సులు శుభ్రం చేయబడును' అని అట్టముక్క వేలాడదీశాడు. నేను బస్సులోంచి చూశాను. అక్షరాలు చక్కగా ఉన్నాయి.

ఆ వారంలోనే క్యాంపస్‌లో మీటింగు జరిగింది. మాట్లాడిన విద్యార్థి నాయకుడు ఎమ్మే చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. మైకు లేకపోయినా చివరి వరసదాకా వినిపించే గొంతు అతనిది. పోలీసుల గురించి చెబుతూ చెబుతూ ఒకచోట ఆగాడు.

"మిషన్లనే తింటున్న గ్యాస్, మన ఊపిరితిత్తుల్ని ఇడిసిపెడ్తదా? ఇది నేను చెప్తలేను. మన కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ పరిశోధన చెప్తున్నది."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను నాలుగో వరసలో ఉన్నాను. పక్కవాళ్ళు చూస్తారని నేనూ కొట్టాను.

మర్నాడు మా ప్రొఫెసర్ ల్యాబులోకి వచ్చి, ఈ పరిశోధన చేసింది ఎవరో తెలిస్తే తనకూ చదవాలని ఉందన్నారు. ఆయన వేళాకోళం ఆడే మనిషి కాదు. నిజంగానే చదవాలనుకున్నారు. నేను అప్పుడే కడిగిన ఫ్లాస్కును మళ్ళీ కడిగాను.

ఇంట్లో నాన్న ఓపిక పట్టలేకపోయారు. శనివారం ఇద్దరం కన్సోల్‌ను గోనెసంచిలో పెట్టుకుని తార్నాక చౌరస్తా దగ్గర రిపేరు షాపుకు వెళ్ళాం. షాపతనికి నలభై ఏళ్లుంటాయి, జనగామ వైపు మనిషి. బంద్ అంటే ఎవరూ వచ్చి చెప్పకముందే షట్టర్ దించేసేవాడు. గోడకు ఉద్యమం పోస్టర్లు, వాటి కింద టీవీ బోర్డులు, వైర్లు, పాత రిమోట్లు. మేం సంచి దించగానే ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"గ్యాస్ అని మాత్రం అనకుర్రి సార్" అన్నాడు.

నాన్న అనలేదు. ఆగిపోయిందని మాత్రం చెప్పారు.

ఆయన స్క్రూలు ఒక్కొక్కటే విప్పి, అయస్కాంతం ముక్కకు అంటించి పెట్టుకున్నాడు. మూత తీశాక లోపల దుమ్ము చాపలా పరుచుకుని ఉంది. చిప్పు మీద వేడి లాగేందుకు రాసిన పేస్టు ఎండి పెచ్చులు కట్టింది. ఫ్యాను దగ్గరకు వచ్చేసరికి ఆయన ఆగి, సన్నటి పట్టకారు తీసుకుని, రెక్కల మధ్యనుంచి తెల్లదారం లాగడం మొదలుపెట్టాడు. దారం చాలాసేపు వచ్చింది.

ఇదేందని అడిగాడు. నాన్న వంగి చూశారు.

"మా ఆవిడ అల్లిన కవరండీ" అన్నారు చివరికి.

మా ఇంట్లో కదలకుండా ఉన్న ప్రతి వస్తువు మీదా అమ్మ క్రోషే కవరు ఉండేది. టీవీకి, మిక్సీకి, ఫోనుకు ఉన్నట్టే దీనికీ ఉంది. ఆడేటప్పుడు తీసేవారా అని షాపతను అడిగితే, ముందు సగం మడిచేవాళ్ళమని నాన్న నిజం చెప్పారు. గాలి పోయే కన్నాలన్నీ వెనక సగంలోనే ఉన్నాయి.

"వేడికి పోయింది సార్, అంతే. గ్యాస్ లేదు, ఏం లేదు" అన్నాడు షాపతను. ఆ తర్వాత చేతిలో పని ఆపకుండానే తన గోడు చెప్పుకున్నాడు. వచ్చిన ప్రతివాళ్ళూ గ్యాస్ తీయమంటున్నారు. లేదంటే నమ్మడం లేదు. కాలనీవాళ్ళు ఈయన ఉద్యమం మనిషి కాబట్టి హాస్టల్ వాళ్ళ పనిని దాస్తున్నాడంటున్నారు. హాస్టల్ వాళ్ళు ఈయన పోలీసుల పక్షాన మాట్లాడుతున్నాడంటున్నారు. అందరూ అంబర్‌పేట్ పోతున్నారు.

నాన్న నా వైపు చూడలేదు. చూడకపోవడం నాకు తెలుస్తూనే ఉంది.

"ఆ మాట మొదట అన్నది నేనే, అన్నా. ఊరికే అన్నాను" అన్నాను.

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను.

"మీరు సదువుకున్నోళ్లు గదా మేడం" అన్నాడు. మళ్ళీ పనిలో పడ్డాడు.

కొత్త పేస్టు రాసి, దుమ్ము ఊది, గంటలో బాగుచేసి ఇచ్చాడు. ఇంటికి వెళ్ళాక దారం సంగతి అమ్మకు ఎవరు చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. నాన్నే చెప్పారు. అమ్మ విని, "అయితే పొగ వల్ల కాదన్నమాట" అని, కవరు తీసి ఉతికి ఆరేసింది. ఆమె కళ్ళు కాస్త ఎర్రబడ్డాయి. ఆ రోజు గ్యాస్ లేదు.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో నాన్న లేచి నిలబడ్డారు. జ్వరాలు తగ్గినవాళ్ళు, ఉద్యోగాలు వచ్చినవాళ్ళు మాట్లాడే చోట, తాను తెలియని విషయాన్ని తెలిసినట్టు ఒక సోదరుడికి చెప్పానని, అది అబద్ధమని తేలిందని, క్షమించమని అడిగారు. పాస్టరుగారు కొంచెం తటపటాయించి ఆమెన్ అన్నారు. బయటికొచ్చాక ముగ్గురు నాన్న చుట్టూ చేరారు. గ్యాస్ ఎక్కడ తీయించారని అడిగారు.

ఇక నా వంతు మిగిలింది. సోమవారం హాస్టలుకు వెళ్ళి ఆ విద్యార్థి నాయకుణ్ణి పిలిపించాను. అది మగపిల్లల హాస్టల్ కాబట్టి వరండాలోనే నిలబడి మాట్లాడుకున్నాం. డిపార్ట్‌మెంట్ పరిశోధన అన్నది లేదని, అది నేను చదువుకుంటూ మా నాన్నతో అన్న ఒక్క వాక్యమని చెప్పాను. అతను అడ్డురాకుండా విన్నాడు. విని, ఒక్క నిమిషం ఉండమని లోపలికి వెళ్ళి, లుంగీలో చుట్టిన ఒక కన్సోల్‌తో వచ్చాడు. లుంగీ ఎండి అట్టకట్టి ఉంది.

"మా రూముల ఆరుగురం కలిసి కొన్నం అక్కా. మొన్న తడి లుంగీ కప్పి ఆన్ చేసినం. టప్‌మన్నది" అన్నాడు. లుంగీని మళ్ళీ చుడుతూ, "నా స్పీచ్ నేనే నమ్మిన" అన్నాడు.

అతనే అన్నాడు, మిషన్ల మాట వాపస్ తీసుకుంటానని. "ఊపిరితిత్తుల మాట తీస్కోను" అన్నాడు. తీసుకోవద్దన్నాను. నాకు నెలరోజులుగా తగ్గని దగ్గు ఉంది. అతనికి అంతకంటే ఎక్కువే ఉంది.

అన్నట్టుగానే తర్వాతి మీటింగులో, రెండు నినాదాల మధ్య, మిషన్ల సంగతి తప్పని చెప్పాడు. ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. ఆ మధ్యాహ్నమే ఇద్దరం వాళ్ళ కన్సోల్‌ను తార్నాక షాపుకు పట్టుకెళ్ళాం. షాపతను మూత తీసి, నల్లగా కాలిన బోర్డును వెలుతురుకు ఎత్తి చూశాడు. ఇది అయ్యేది కాదన్నాడు. పొగ వల్ల పాడైన మొదటి కన్సోల్ ఇదేనని నాకు అనిపించింది గాని పైకి అనలేదు. అప్పటికి మాట్లాడేముందు ఆగడం కొద్దిగా నేర్చుకున్నాను.

ఇంట్లో ఈ సంగతి నాన్నకు చెప్పాను. శుక్రవారం పొద్దున ప్రార్థన అయ్యాక ఆయన టీవీ ముందు కూర్చోలేదు. వైర్లు చుట్టి, రిమోట్లకు రబ్బరు బ్యాండ్లు వేసి, అన్నీ గోనెసంచిలో సర్దారు. ఎక్కడికని అమ్మ అడిగింది. హాస్టలుకన్నారు. ఈ రోజుల్లో, ఈ యాసతో, ఆ హాస్టలుకా అంది అమ్మ. నాన్న సంచి మూతి బిగించి కట్టారు.

"ఎక్కువ మాట్లాడను" అన్నారు.

శనివారం మధ్యాహ్నం ఆఫీసు అయ్యాక ఆటోలో వెళ్ళాం. నేను వరండాలో ఆగిపోయాను. వాళ్ళ గది కింది అంతస్తులోనే ఉంది, కిటికీలోంచి అంతా కనిపిస్తోంది. ఆరుగురూ లేచి నిలబడ్డారు. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని వైర్లు కలిపి, కన్సోల్ వెనక గోడకు జానెడు దూరం వదిలి, గాలి ఎటునుంచి పోతుందో వేలితో చూపించారు. వాళ్ళు లెక్చరరు చెబుతున్నట్టు విన్నారు. మా నాన్నెవరో నాయకుడు తన స్నేహితులకు ముందే చెప్పాడో, చెప్పనేలేదో నాకు తెలియలేదు. ఒకతను అడిగాడు.

"మీది ఏ ఊరు అంకుల్?"

గోడమీద మా క్యాంపస్ గోడలన్నిటి మీదా ఉన్న జై తెలంగాణ నినాదమే ఉంది.

"తెనాలి దగ్గరండీ. తార్నాక వచ్చి ఇరవై ఎనిమిదేళ్లయింది" అన్నారు నాన్న. ఎక్కువ మాట్లాడలేదు.

అడిగినతను తల ఊపాడు. మంచం మీద పుస్తకాలు పక్కకు జరిపి చోటు చేసి, రిమోట్ ఆయన చేతిలో పెట్టాడు.

"అయితే ఫస్ట్ బ్యాటింగ్ మీరే చేయుర్రి" అన్నాడు.

ఆ రోజు నాన్న పదకొండు పరుగులు చేశారు. నాకు వరండాలో ఎవరో కుర్చీ తెచ్చి వేశారు, ఇంకొకరు టీ తెచ్చారు. తిరిగి వస్తున్నప్పుడు, వచ్చే శనివారం కూడా ఆఫీసు రెండింటికే అయిపోతుందని నాన్న చెప్పారు.