తాగనివాడి లివర్

మా ముత్తాత నరసింహారావు దొర టేకులపల్లి వైపు అడవి అంచు ఊళ్ళ శిస్తు వసూలు చేసి నిజాం సర్కారుకు కట్టినవాడు. మా తాత రాఘవరావు ఉన్నన్నాళ్ళు మా గడి, అదే కోటలాంటి మా ఇంటి ముందు ఎవరూ చెప్పులతో నడవలేదు. అది గొప్ప అంటే ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు; ఒప్పించే ఉద్దేశం నాకూ లేదు. నా కాలానికి సగం కూలిన గడి, కొంత మెట్ట, ఒక ఆచారం మిగిలాయి. ఏటా జాతరకు కాచిన ఇప్పసారా కుండ మొదట మా ఇంటికి వస్తుంది. మా వెండి గిన్నెలో కొంచెం పోస్తారు. ఇంటి పెద్ద అందులో వేలు ముంచి నుదుటికి తాకించుకుని, కుండను తిప్పి పంపాలి. నేనూ అంతే చేశాను. ఒక్క చుక్క నా గొంతు దిగలేదు.

ఎనభైల చివర ఒక ఎండాకాలం పొద్దున బావిలో నీళ్ళు తోడుతుంటే కుడి డొక్కలో కత్తి దిగినట్టయింది. సాయంత్రానికి వణుకుతో జ్వరం వచ్చింది. ఊళ్ళో మందులిచ్చే అతను మలేరియా అని ఇంజెక్షన్లు చేశాడు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. దగ్గితే నొప్పి భుజం దాకా పాకేది. పంచె నడుం మీద నిలవనంతగా చిక్కిపోయాక నా భార్య సుభద్ర నన్ను బస్సెక్కించి ఖమ్మంలో ఒక పేరున్న డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

ఊరి పేరు వినగానే ఆయన నవ్వాడు. "గడి దొరలా! జాతర కుండ ముందుగాల మీ ఇంటికే వస్తదంట కద? ఎన్నేండ్ల సంది తాగుతున్నరు?"

"తాగను," అన్నాను.

"ఈయన వేలు ముంచి నుదుట పెట్టుకుంటడు సార్," అంది సుభద్ర. "తాగేటోళ్ళు వేరే ఉన్నరు. వాళ్ళ పాటలు మా ఇంటిదాంక వినొస్తయి."

"అందరి భార్యలు గిట్లనే చెప్తరమ్మా."

నా పొట్ట మీద చేయి పెట్టకముందే కేసు షీటు మీద 'క్రానిక్ ఆల్కహాలిక్' అని రాశాడు.

అడ్మిట్ చేశారు. జ్వరం దిగలేదు. లివర్లో చీము ఉందేమో చూద్దామని పక్కటెముకల మధ్య తడిమి, అంచనా మీద సూది గుచ్చాడు. ఏమీ రాలేదు. చోటు మార్చి మళ్ళీ గుచ్చాడు. మంచం పట్టీ బిగించి పట్టుకున్నాను గాని అరవలేదు. ఈసారి కాస్త నెత్తురు వచ్చింది.

"చీము లేదు. తాగుడు లివరే ఇది. ఇంటికి తీస్కపోండ్రి."

ఆయన సూది గురి తప్పడం నా తాగుడుకు రుజువైంది!

"ఈ ఊర్లె కొత్తగ స్కాన్ మిషన్ వచ్చిందంట కద సార్, కడుపుల ఉన్నది కనపడతదంట," అంది సుభద్ర.

"అది కడుపుతోని ఉన్నోళ్ళకమ్మా. దొరగారికి ఎన్నో నెల?"

వార్డంతా నవ్వింది. సుభద్ర బట్టలు సర్దింది. రిక్షా మాట్లాడి నన్ను నేరుగా ఆ స్కాన్ సెంటరుకు చేర్చింది.

అక్కడి డాక్టరమ్మ డొక్క మీద చల్లటి జెల్ రాసి ప్రోబ్ ఆనించింది. బూడిదరంగు తెర మీద నల్లగా ఒక మడుగు కనిపించింది. "లివర్ అబ్సెస్, అంటే చీముగడ్డ. పైన, బాగా వెనక్కి ఉంది. ముందు నుంచి గుచ్చితే ఎట్ల దొరుకుతది?"

"ఇది తాగుడు వల్లనా?" అన్నాను. నాకు ముందు కావలసింది ఆ జవాబే.

"కాదు, అమీబా. నీళ్ళల్ల నుంచి వస్తది. మీరు తాగేది ఏ నీళ్ళు?"

మా ముత్తాత తవ్వించిన బావి నీళ్ళు. వాటిని కాచి తాగడమంటే మా ఇంట్లో ఆయన్ను అవమానించినట్టే.

మర్నాడు ఆమె ప్రోబ్ కదలకుండా పట్టుకుని, తెర చూస్తూ సూది దించింది. "ఊపిరి బిగబట్టండి. కదలొద్దు." తెల్లటి గీత ఒకటి ఆ మడుగులోకి దిగడం నేనూ చూశాను. సిరంజిలోకి చిక్కటి చింతపులుసు రంగు చీము వచ్చింది. సాయంత్రానికి వణుకు ఆగింది. తర్వాత కొన్నాళ్ళకు జ్వరం తిరగబెట్టింది; మళ్ళీ స్కాన్ చూసి, మిగిలిన చీము కూడా తీశారు. మందులతో నోరంతా ఇనుము నాకినట్టు ఉండేది.

నడవగలిగాక స్కాన్ ఫిల్ము పట్టుకుని ఆ పేరున్న డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నా కాగితం మీద రాసిన మాట కొట్టేయమన్నాను.

"బతికిండ్రు కద, ఇంకేం గావాలె?"

"మీరు రాసిన అబద్ధం తీసేయాలి."

ఆయన తలుపు వైపు చూసి తర్వాతి పేషెంటును పిలిచాడు. ఆ మాట ఈనాటికీ అక్కడ అట్లాగే ఉంది.

ఇప్పుడు పొలం పనులు చూసుకుంటున్నాను. అన్నం తినగలుగుతున్నాను. బావి నీళ్ళు కాచి చల్లార్చుకుని తాగుతున్నాము. చదివేవారికి ఒక్కటే చెబుతాను: కుడి డొక్కలో నొప్పితో వణుకు జ్వరం వస్తుంటే, సూది గుచ్చే ముందు స్కాన్ చూడమని అడగండి. డాక్టరు ఎగతాళి చేసినా అడగండి.

ఆస్పత్రి ఖర్చులకు జాతర వెండి గిన్నె అమ్మేశాము.