పిన్ని గది ముందు చెప్పులు

నిన్న గుడివాడలో ఒక డీటీపీ షాపు గుమ్మం ముందు విడిచిన చెప్పులు చూస్తే మా పిన్ని గుర్తొచ్చింది.

చిన్నప్పుడు బందరులో డీటీపీ చేసే పిన్ని తన కంప్యూటర్ గదిలోకి ఎవరినీ చెప్పులతో రానిచ్చేది కాదు. ఒకరోజు నేను మర్చిపోయి చెప్పులతోనే వెళ్ళాను. అప్పుడే ఆవిడ ఒక పెళ్ళికార్డు తెరిస్తే తెలుగంతా పిచ్చిగీతల్లా కనిపించింది. ప్రెస్సు మూసేలోగా దాన్ని పట్టుకెళ్ళాలని గిలకలదిండి నుంచి వచ్చిన పెళ్ళికూతురి తండ్రి ఎదురుగానే కూర్చున్నాడు.

"నా చెప్పుల వల్లే పిన్నీ!" అని ఏడ్చేశాను.

"నీ మొహం! నిన్న కంప్యూటర్ బాగుచేసినాయన తెలుగు ఫాంటు ఎక్కించడం మర్చిపోయాడే," అంది పిన్ని.

"ముందు పిల్లను ఊరుకోబెట్టమ్మా. ప్రెస్సుకి నేను ఫోను చేసి చెబుతాలే," అన్నాడు పెళ్ళికూతురి తండ్రి.

పిన్ని నా కళ్ళు తుడిచాకే ఫాంటు ఎక్కించింది. అక్షరాలు తిరిగొచ్చాయి.

ఆయనకు లోపల ఎంత తొందరగా ఉండి ఉంటుందో, చెల్లెలి పెళ్ళికార్డు కోసం నిన్న ఆ షాపులో కూర్చున్నప్పుడుగానీ నాకు తెలియలేదు.