మా గల్లీలో లేని గుట్ట

సూరత్‌లో గుట్టలుండవు. అక్కడే పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి తెలియక కాదు. అయినా తొంభైలలో ఒక ఏడు, భేస్తాన్‌లోని మా తెలుగు సాలోళ్ల గల్లీ మీద నా చేత్తో నేనే ఒక గుట్టను నిలబెట్టాను.

అప్పట్లో రింగ్ రోడ్ మీద, చీరల మార్కెట్ పై అంతస్తులో ఒక చిన్న ఆఫీసు ఉండేది. ఒక ఇంజనీరు, ఒక కంప్యూటరు, నేను. ఏసీ కంప్యూటరు కోసం పెట్టింది. దాని పుణ్యాన మేమూ చల్లగా ఉండేవాళ్లం. అంతకుముందు నేను ఖటోదరాలో జకార్డు చీరల డిజైన్లకు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపేవాణ్ణి. అది చూసి ఇంజనీరు సాబ్, "ఇక్కడా గళ్లే. గడి గడికీ నేల ఎంత ఎత్తో రాయాలి, అంతే" అని పనిలో పెట్టుకున్నాడు. ఎత్తులు వేయడం చేతగాని వాడికి ఎత్తులు రాసే ఉద్యోగం దొరికింది.

వానలు ముదిరి ఖాడీ పొంగినప్పుడు, అంటే ఊళ్లో పారే వాగు గట్టు దాటినప్పుడు, ఏ గల్లీ ముందు మునుగుతుందో మేం మున్సిపాలిటీకి చెప్పాలి. అందుకు నేలను ఎగుడుదిగుళ్లతో సహా కంప్యూటరు తెర మీద నిలబెట్టాలి. దాన్ని బట్టి పల్లపు గల్లీల జాబితా తయారవుతుంది. జాబితాలో ఉన్న గల్లీకి మైకు ఆటో ముందుగా వెళ్తుంది. లేని గల్లీకి నీళ్లే వచ్చి చెప్తాయి.

నేల ఎత్తులు ఎక్కడ దొరుకుతాయి? కొన్న మ్యాపులో ఇరవై మీటర్ల ఎత్తుకొక గీత. ఊరు ఊరంతా రెండు గీతల మధ్యే పడుకుని ఉంది. గీత దాటని బుద్ధిమంతుల ఊరు మాది. అంతకంటే వివరమైన మ్యాపులకు అనుమతి కావాలన్నారు. స్టేషన్ బోర్డు మీద రాసిన సముద్రమట్టం అంకె, మురుగు కాలువల పాత డ్రాయింగులు, ఏది దొరికితే అది ఏరుకున్నాం. భేస్తాన్‌కు అవీ లేవు.

అప్పుడు సాబ్‌కు ఒక ఉపాయం తోచింది. నిలిచిన వరద నీటి మట్టం చుట్టుపక్కలంతా ఒక్కటే. కాబట్టి పోయిన వరదలో లోతు ఎక్కువొచ్చిన చోట నేల పల్లం, తక్కువొచ్చిన చోట మెరక. లోతు ఎంతో మనుషుల్ని అడిగితే సరి.

నోటు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మోకాళ్లు, నడుములు, ఛాతీలు రాసుకున్నాను. "నడుము దాకా అంటే ఎవరి నడుము రాసుకుంటవ్ తమ్మీ? నాదా, మా ఆయనదా?" అని ఒకామె నిలదీసింది. ఇద్దరివీ కొలుచుకున్నాను.

చివరికి మా గల్లీ.

ఆ వరదలోనే మా బాపు పోయాడు. నీళ్లు పూర్తిగా పొంగకముందే అందరం బయటపడ్డాక, సాంచా మీద, అంటే మరమగ్గం మీద, కొత్తగా ఎక్కించిన బీము, పడుగు నూలు చుట్టిన ఆ దుంగ, తడిసిపోతుందని, తాళ్లు వేసి పైకి కడతానని షెడ్డులోకి వెనక్కి వెళ్లాడు. నీళ్లు తీశాక దొరికాడు. ఎట్లా పోయాడో నేనెప్పుడూ అడగలేదు. ఆ షెడ్డు గడపా తొక్కలేదు. మా సాంచాలు బాపు తమ్ముడు, మా కాక, నడుపుతున్నాడు. రోడ్డు మీదే నిలబడి, ఆ చప్పుడుకు మించి అరిచాను.

"కాకా! నీళ్లు ఏడి దాక వచ్చినయి?"

"బీము దాక వచ్చినయి బిడ్డా. లోపటికి రా, ఛాయ్ తాగుదువు."

"మళ్లొస్త."

మిగతా షెడ్లలోనూ అదే జవాబు, బీము దాకా. మా షెడ్డులోకి పోకుండా పక్క షెడ్డులోకి పోతే బాగుండదని, అక్కడా రోడ్డు మీది నుంచే అడిగాను. బీము ఎంత ఎత్తులో ఉంటుందో సాలోళ్ల ఇంట్లో పుట్టినవాడు టేపు పెట్టి చూడాలా? రెండడుగులు. రాసేశాను.

నెల తర్వాత సాబ్ తెర మీద నేలను తిప్పుతూ ఆగాడు. చుట్టూ పల్లాన్ని చూపే నీలం, మధ్యలో మా గల్లీ దగ్గర పచ్చటి బొడిపె.

"అరే భాయ్, తేరా ఘర్ తో పహాడ్ పే హై!"

మా ఇల్లు గుట్ట మీదుందట. నేనూ నవ్వాను. కాస్త గర్వపడ్డాను కూడా. జాబితాలో మా గల్లీ లేదు. కాగితాలు మర్నాడు ఇచ్చేయాలి.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీశాక తట్టింది. అంత మెరక మీద, రెండడుగుల నీళ్లలో, బాపు ఎట్లా మునిగాడు?

మూత పెట్టేసి భేస్తాన్ వెళ్లాను. నన్ను గడప దగ్గర చూసి కాక ఏమీ అడగకుండా కరెంటు బంద్ చేశాడు. సాంచాలు ఒక్కొక్కటే ఆగాయి. లోపలికి అడుగు పెట్టాను.

సాంచాలు నేల మీద లేవు. ఇటుకల గద్దె మీద ఉన్నాయి. గోడకూ గద్దెకూ మధ్య సన్నటి సందు. గద్దె నా తొడల దాకా ఉంది.

"గిది మర్సినవా? అంతకు ముందుగాల వరద వచ్చినప్పుడు మీ బాపు కట్టిచ్చిండు. గల్లీల అందరు గట్లనే కట్టుకున్నరు. ఇటుకలు మోసింది నువ్వే గదరా."

"మరి బీము దాక అంటివి?"

"బీము దాకనే వచ్చినయి. నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?" కాక సందు వైపు చూశాడు. "నీళ్లల్ల గద్దె అంచు కనవడలే మీ బాపుకు. గీ సందుల దొరికిండు."

కాక ఇళ్లు కట్టే మేస్త్రీ దగ్గరికి పోయి, మట్టం చూసే నీళ్ల గొట్టం అడిగి తెచ్చాడు. గోడ మీది వరద నీటి చార దగ్గర ఒక కొస ఆయన పట్టుకున్నాడు. రెండో కొసతో నేను రోడ్డు మీద నిలబడ్డాను. గొట్టంలో నీళ్లు రెండు కొసల్లోనూ ఒకే మట్టాన కుదుటపడ్డాయి. నా ఛాతీ దగ్గర.

ఆఫీసుకు తిరిగొచ్చి చెప్తే సాబ్ విసుక్కున్నాడు. ప్రింట్లు అయిపోయాయి మరి. "దో ఫుట్ సే క్యా ఫరక్ పడ్తా హై?" రెండడుగులకు ఏం ఫరక్ పడుతుందని.

"మా బాపుకు పడ్డది సాబ్," అన్నాను. ఏ భాషలో అన్నానో గుర్తు లేదు. ఆయన లేచి కుర్చీ నాకిచ్చాడు.

కాగితాలు వారం ఆలస్యమయ్యాయి. గల్లీలో ప్రతి షెడ్డులోకీ వెళ్లి గొట్టం పట్టాం. కొత్త అంకెలు కొడుతుంటే బొడిపె మెల్లగా కుంగి, నీలంలో కలిసిపోయింది. సొంత గల్లీని ముంచి ఊపిరి పీల్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆ వానాకాలం మైకు ఆటో మా గల్లీకే ముందు వెళ్లింది. కాక చిన్నమ్మనూ పిల్లల్నీ వెంటబెట్టుకుని తడుస్తూ ఖటోదరాలో నా గదికి వచ్చాడు.

"బీము?" అన్నాను.

"విడిసిపెట్టి వచ్చిన."

తువ్వాల పిండి, తలుపు మీద ఆరేశాడు. అటు తిరిగే అన్నాడు: "కొత్త బీము బిడ్డా. నిన్ననే ఎక్కిచ్చిన."