వనజాక్షక్క పెట్టే ఉత్త బిళ్ల

మా ల్యాబ్‌లో నేనే సైంటిస్టునని ఆరు నెలలు భ్రమపడ్డాను. అసలు ల్యాబ్ వనజాక్షక్కది. నెల్లూరులో మా కాలేజీ మైక్రోబయాలజీ విభాగంలో ఆవిడ అటెండరు. ఇరవై రెండేళ్లుగా గాజు పళ్లేలు కడిగి, వాటిలో క్రిములు పెంచే జావ పోసి, పెరిగినవాటిని మళ్లీ ఉడకబెట్టి చంపుతోంది. పదో తరగతి తప్పానని తనే చెప్పుకుంటుంది. పీహెచ్‌డీ చేసినవాళ్లు మాత్రం ఆవిడ ముందుకు చేతులు కడుక్కునే వస్తారు.

నా పరిశోధన గంజాయి ఆకు మీద. నవ్వకండి, అది ప్రభుత్వ అనుమతితో తెప్పించిన ఆకు, బీరువాలో తాళం వేసి ఉంటుంది. దాన్ని మెథనాల్ అనే స్పిరిట్‌లో నానబెట్టి సారం తీసి, చిన్న కాగితం బిళ్లలకు పట్టించి, చీము పట్టించే క్రిములున్న పళ్లెంలో పెట్టాలి. సారానికి బలముంటే బిళ్ల చుట్టూ క్రిమి పెరగదు, అక్కడ గుండ్రంగా తేట జాగా మిగులుతుంది. మొదటిసారి ఆ జాగా కనబడ్డ రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ ఆదివారమే ఫోన్లో మామయ్య దగ్గర గొప్పలు పోయాను. "చీము క్రిములు చచ్చిపోయినాయి మామా, ఆకు రసానికే!"

మామయ్య ముత్యాలయ్యది విడవలూరు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. వేట నిషేధంలో పడవ ఒడ్డునే ఉంది కదా అని కాలవలో చేతివల వేస్తుంటే, జెల్ల చేప ముల్లు కాలి చిటికెనవేలి పక్కన దిగి అప్పటికి పది రోజులు. పసుపూ సున్నం పట్టించి గుడ్డ చుట్టుకున్నాడు. అసలే చక్కెర జబ్బు మనిషి. ఆస్పత్రికి పోతే నెలరోజులు కాలు తడపొద్దంటారని ఆయన భయం. రెండు నెలల నిషేధం ముగిసి పడవలు సముద్రంలో దిగేది ఆ వారమే.

"ఆ రసం ఒక సీసాలో తీసకరా అమ్మాయ్, పూసుకోని వేటకి పోతా" అన్నాడు. నేను సరేనన్నాను. ఇంత చదువూ చదివి నేను చేసిన తెలివైన పని అది.

సోమవారం అందరూ భోజనాలకు వెళ్లాక, చుక్కల మందు సీసాలోకి సారం వంచుతుంటే వెనక నుంచి వనజాక్షక్క చెయ్యి పట్టుకుంది.

"ఎవురికి మే?"

అంతా చెప్పేశాను. ఏడుపు కూడా వచ్చింది. ఆవిడ సీసా లాక్కుని, నా పళ్లెం ఒకటి తీసి వెలుతురుకు పట్టింది. ఆవిడకో పట్టుదల ఉంది. ఎవరి పళ్లెంలోనైనా, మందు లేకుండా స్పిరిట్‌తో మాత్రమే తడిపిన బిళ్ల ఒకటి ఉండి తీరాలి. దాన్ని ఉత్త బిళ్ల అంటుంది. తొందర కొద్దీ నేను మొదట్లో అది పెట్టలేదు. ఈ పళ్లెంలో మాత్రం ఆవిడే పెట్టింది.

"చూడు, ఉత్త బిళ్ల చుట్టూ కూడా క్రిమి పెరగలా. నువ్వు ఆకు గొప్పనుకున్న దాంట్లో సగం ఆ స్పిరిట్టుదే. అయినా పళ్లెంలో చస్తే కాల్లో చస్తాదని నీకెవురు చెప్పినారు? అది విషం మే, పుండు మీద పోస్తావా?"

ఆవిడ సీసాకు మూత బిగించి పక్కన పెట్టేసింది. "మీ గైడు సారుకి ఈ సీసా సంగతి రేపు నువ్వే చెప్పుకో. ముందు పద" అని చేతిసంచి తగిలించుకుని, నాతోపాటు విడవలూరు బస్సెక్కింది.

మామయ్య మంచం మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. కట్టు విప్పితే చిటికెనవేలు నల్లబడి ఉంది. ఆ వాసనకు నేను ముఖం తిప్పుకున్నాను. వనజాక్షక్క ముఖం తిప్పుకోలేదు, వంగి పరీక్షగా చూసింది.

"అన్నా, ఇరవై రెండేళ్లుగా ఈ క్రిముల్తోనే నా కాపరం. ఇది ఆకులకి లొంగే రకం కాదు. ఈ రోజు పోతే వేలు తీస్తారు. వచ్చే వారం పోతే మోకాలి దాకా తీస్తారు."

"పడవలు దిగే వారం కదమ్మా..."

"పడవలు వచ్చే యాడాది కూడా దిగతాయి. నువ్వు నిలబడేదానికి కాలుండాల గదా?"

మామయ్య నా వైపు చూశాడు. "నాదే తప్పు మామా, తెలీకుండా వాగినా" అన్నాను. ఆయన వల పక్కన పెట్టి లేచాడు.

ఆ సాయంత్రమే నెల్లూరు ఆస్పత్రిలో వేలు తీశారు. ఇంకో మూడు రోజులైతే పాదం దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. మర్నాడు సార్ నన్ను చెడామడా తిట్టారు గానీ పని మాన్పించలేదు. ఉత్త బిళ్లలతో అంతా మొదటి నుంచి చేశాను. ఆకులో కొంచెం గుణముందని తేలింది. కొంచెమే. వనజాక్షక్క లేకపోతే నన్ను పెంచిన మనిషి కాలు నా చేతుల మీదుగానే పోయేది. తలచుకున్నప్పుడల్లా ఆవిడకు దండం పెట్టాలనిపిస్తుంది. ఎదురుగా పెడితే తిడుతుంది కాబట్టి మనసులోనే పెట్టుకుంటాను.

సెప్టెంబరులో మామయ్య మళ్లీ వేటకు వెళ్లాడు. తిరిగొచ్చిన రోజే పెద్ద వంజరం చేప ఒకటి పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వనజాక్షక్క ఇంటికి వచ్చాడు. "నీ వల్ల పట్టిన చేప తల్లీ" అని చేపను ఆవిడ ముందుకు చాపాడు.

ఆవిడ చేప వైపు చూడనే లేదు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద కూర్చుని, "ముందు కాలు చూపీ అన్నా" అంటూ మిగిలిన నాలుగు వేళ్లనూ విడదీసి ఒక్కొక్క సందూ చూడసాగింది.