తోక మీద కూర్చున్న యుద్ధవిమానం

మీ నోట్లో ఉన్న పళ్లన్నీ మీవేనా?

కావని చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదు. ఎదుటి మనిషి నవ్వగానే మా మేనమామ మనసులో మెదిలే మొదటి ప్రశ్న అదే. జవాబు కూడా ఆయనకు అడగకుండానే తెలిసిపోతుంది. ఇరవై ఏడేళ్లుగా ఆయన కట్టుడు పళ్లు చేస్తున్నాడు. వైద్యుడు కాడు. రెండు వీధుల అవతల ఉన్న దంతవైద్యుడు రోగి దవడల అచ్చు తీసి పంపితే, ఆ అచ్చును బట్టి ఇంటి వెనక గదిలో కూర్చుని పళ్ల సెట్టు తయారుచేసే పనివాడు. బస్సులో ఎవరో పెద్దమనిషి ఆవలిస్తే, "పై సెట్టు మనదే" అని నా చెవిలో చెప్పి, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బయటికి చూస్తాడు.

న్యాయశాస్త్రం పూర్తిచేసి ఒక సీనియర్ దగ్గర చేరిన మొదటి ఏడాది నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అప్పట్లో నాకు ప్రతిదీ ఆలస్యంగానే జరుగుతున్నట్టుండేది. వాయిదాలు, తీర్పులు, లోకం బాగుపడటం, చివరికి కాఫీ కాగటం కూడా. మావయ్య గదిలోకి వెళ్తే మాత్రం కాలం మరో కొలతలో నడిచేది. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు. ఒక గోడ నిండా అరలు, అరల్లో ప్లాస్టర్ దవడలు, ఒక్కొక్కదాని మీద పెన్సిల్‌తో వేసిన అంకె. కిటికీ కింద పనిబల్ల, చిన్న మోటారు, మైనం కరిగించే దీపం. బల్లకు ఎడమవైపు పళ్లు. కుడివైపు, ఒక పాత తువ్వాలు కింద, ప్లాస్టిక్ యుద్ధవిమానం.

రెండు ఇంజన్ల జెట్. నిజం విమానంలో నలభై ఎనిమిదో వంతు, అంటే మూరెడు పొడవు. పెట్టెలో మూడొందల ముక్కలుగా వచ్చింది. దాన్ని ఆయన పదకొండు నెలలుగా అతుకుతున్నాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక గంటసేపు, ఆదివారాలు రెండు గంటలు, అంతే. ఆ గంట కోసం పళ్ల పని ఒక్కనాడూ వెనక్కి నెట్టలేదు.

మొదట్లో నేను వాదన పెట్టుకున్నాను.

"అది ఇళ్ల మీద బాంబులు వేసే యంత్రం మావయ్యా. అంత ప్రేమగా చేయడానికి నీకు మనసెలా ఒప్పుతోంది?"

"ఇది ఎగరదు కదే."

"పోనీ, రెక్కల కింద ఆ క్షిపణులన్నా తగిలించకు."

"తగిలించను."

నా వాదన గెలిచిందని పొంగిపోయాను. మర్నాడు అసలు కారణం చెప్పాడు. "అవి తగిలిస్తే రెక్క కింద నేను గీసిన గీతలు కనబడవమ్మా."

ఆ గీతలకు ఒక చరిత్ర ఉంది. నెలకొక ఆదివారం, స్టేషనరీ దుకాణం పై అంతస్తులో నమూనాలు చేసేవాళ్ల సంఘం కూడుతుంది. ఏడాదికోసారి పోటీ. న్యాయనిర్ణేత గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన. కంటికి భూతద్దం బిగించి, చిన్న టార్చితో విమానాల పొట్టల కింద వెతుకుతాడు. వరసగా మూడేళ్లు మావయ్యకు రెండో స్థానమే వచ్చింది. మూడేళ్లూ కారణం ఒకటే. కట్టుడు పళ్లలో అతుకు నాలుకకు తగలకూడదు. ఆ అలవాటు కొద్దీ ఆయన విమానం మీది ప్రతి అతుకునూ, దానితోపాటు రేకుల మధ్య ఉండవలసిన సన్నటి గీతలనూ అరగదీసి మెరుగు పెట్టేసేవాడు.

"బాగుందయ్యా," అన్నాడట మూడోసారి పెద్దాయన. "కానీ నీ విమానం పొద్దున్నే పళ్లు తోముకుని వచ్చినట్టుంది."

ఆ మాట అందరూ నవ్వుకుని మర్చిపోయారు. మావయ్య మర్చిపోలేదు. ఈసారి చెరిగిన ప్రతి గీతనూ సూదితో మళ్లీ గీశాడు. పెన్సిల్ ముల్లు పొడి చేసి ఇంజన్ల వెనక మసి పూశాడు. నూనె కారిన మరకలు కూడా పెట్టాడు.

"గ్లాసు మీద వేలిముద్ర ఉంటే నీళ్లు తాగరు," అంది అత్తయ్య గుమ్మంలో నిలబడి. "దీనికి మాత్రం కూర్చుని మురికి పూస్తున్నారు."

"ఇది పనిచేసే విమానమే. పనిచేసేవాళ్లకి మాసిపోవడం ఉంటుంది."

"అయితే ఆ ముక్క మీ చొక్కాలు ఉతికేటప్పుడు గుర్తుచేస్తాను."

ఈ ఏడు మొదటి స్థానం వస్తుందని ఆయన పైకి అనలేదు. కాని ముందుగది అరలో మూరెడు జాగా ఖాళీ చేసి, దుమ్ము తుడిచి ఉంచాడు. అది చాలు మాకు అర్థం కావడానికి.

పోటీ ఆదివారం. బుధవారం సాయంత్రం చక్రాలు అతికించాడు. చక్రాలు ఎప్పుడూ చివరనే అతికిస్తారు, లేకపోతే పని మధ్యలో విరుగుతాయి. జిగురు ఆరాక మమ్మల్నిద్దర్నీ పిలిచి, విమానాన్ని రెండు చేతులతో బల్ల మీద దించి, చేతులు తీశాడు.

ముందు చక్రం నెమ్మదిగా గాలిలోకి లేచింది. ముక్కు పైకప్పు వైపు తిరిగింది. తోక టక్కున బల్లకు తగిలింది.

ముందు అత్తయ్యే అంది, "ఏవండీ, మీ విమానం కూర్చుంది."

మావయ్య మళ్లీ సరిగ్గా పెట్టాడు. మళ్లీ కూర్చుంది. అప్పుడు ఆయన చూపు కిటికీ గట్టు మీదికి వెళ్లింది. అక్కడ ఒక సీసా, దాని నిండా సైకిలు బేరింగుల్లో వేసే ఇనుప గుళ్లు.

ఇలాంటి నమూనాల్లో బరువంతా వెనకే ఉంటుంది. అందుకని రెండు సగాలూ మూసేలోపు ముక్కులో ముప్పై గ్రాముల బరువు పెట్టమని విమానంతో వచ్చిన పుస్తకంలో నాలుగో బొమ్మ పక్కనే రాసి ఉంది. ఆయన చదివాడు. గుళ్లు తెచ్చాడు కూడా. కాని పైలట్ కూర్చునే గది సరిగ్గా ఇమడటానికి ముక్కు లోపలి గోడలను పళ్లు అరగదీసే మోటారుతో పల్చగా గీకి, రెండు సగాలూ కలిపి అరచేతిలో తూచి చూసుకున్నప్పుడు, ఎంత తేలిగ్గా వచ్చిందోనని మురిసిపోయాడు. పై దవడ సెట్టు బరువైతే జారిపోతుంది. ఇరవై ఏడేళ్లుగా ఆయన చేతులకు తేలిక అంటే మంచిపని అని గుర్తు. ఆ మురిపెంలోనే అతికించేశాడు. ఆ మీద ఆరు పూతల రంగు, చీమతలంత అక్షరాలతో రెండొందల చిల్లర స్టిక్కర్లు.

"మరి ఇప్పుడెలా?" అన్నాను.

"ముక్కు కోయాలి," అన్నాడు. "నిజం విమానంలో కూడా లోపలి రాడార్ చూడటానికి ముక్కు విడిగా తెరుస్తారు. ఆ చోట గీత ఉంటుంది. సరిగ్గా అక్కడ కోసి, బరువు పెట్టి, మళ్లీ అతకాలి. రంపం తప్పిందంటే పదకొండు నెలలూ పోయినట్టే."

"ఆదివారానికి అవుతుందా?"

"సంగీతం మాస్టారి సెట్టు శనివారం ఇవ్వాలి. అది ముందు."

నాకు ఓపిక నశించింది. గురువారం సంఘం నియమావళి సంపాదించి, సీనియర్ ఇచ్చిన కాగితాలకన్నా శ్రద్ధగా చదివి, సాయంత్రం ఆయన ముందు పెట్టాను. ఏడో నియమం: నమూనా తన చక్రాల మీద నిలబడి ఉండవలెను, పీఠము వాడవచ్చును.

"చూడు మావయ్యా. చక్రాలను పీఠానికి అతికించకూడదని ఎక్కడా లేదు. రెండు చుక్కల జిగురు వేస్తే నిలబడుతుంది. నియమాన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు."

"నిలబడదమ్మా. దాన్ని జిగురు పట్టుకుని ఉంటుంది."

"చూసేవాళ్లకి తేడా ఏముంది?"

"చూసేవాళ్లకి లేదు."

"పదకొండు నెలలు చేశావు, మూడేళ్లు ఎదురుచూశావు. చట్టం నీ పక్కన ఉంది. ఇంకేం కావాలి?"

"నీ ముక్కు మీదుండే కోపం కాస్త దాని ముక్కులో పెట్టవే," అంది అత్తయ్య బట్టలు మడతపెడుతూ. "బరువొస్తుంది."

మావయ్య నవ్వి, మాస్టారి సెట్టు చేతిలోకి తీసుకున్నాడు. రెండు రోజులూ విమానం తువ్వాలు కింద తోక మీదే కూర్చుంది. ముందుగదిలోకి వచ్చినప్పుడల్లా ఆయన ఖాళీ అర వంక ఒకసారి చూసేవాడు. జిగురు సీసా బల్ల మీదే ఉంది. వేస్తాడనే నా నమ్మకం.

శనివారం నన్ను వైద్యశాలకు వెంటబెట్టుకెళ్లాడు. సెట్టు పెట్టే రోజున తాను పక్కన ఉండాలన్నది ఆయన పట్టుదల. సంగీతం మాస్టారు ఎనభైకి దగ్గరగా ఉన్న మనిషి. డాక్టరుగారు సెట్టు అమర్చాక మావయ్య ముందుకు వంగి, "దగ్గండి మాస్టారూ," అన్నాడు. దగ్గాడు. "నవ్వండి." నవ్వాడు. "ఇప్పుడు మీ 'స' పట్టండి."

మాస్టారు షడ్జం పట్టాడు. మధ్యలో పై సెట్టు వెంట్రుకవాసి కదిలి, చిన్న ఈల వినిపించింది. నాకైతే పెద్దగా తెలియలేదు.

"ఇది చాలయ్యా," అన్నాడు మాస్టారు. "కొంచెం పళ్లు అతికించుకునే పేస్టు పెట్టుకుంటాను. మా తోడల్లుడు అలాగే లాగిస్తున్నాడు."

"పేస్టుతో నిలబడతాయి మాస్టారూ. కానీ పాడే ప్రతిసారీ మీ మనసు వాటి మీదే ఉంటుంది." మావయ్య సెట్టు తీసి, ఒక మూల గీకి, మళ్లీ పెట్టాడు. ఇంకోసారి తీశాడు. ఐదోసారికి గాని ఒప్పుకోలేదు. అప్పుడు మాస్టారు కళ్లు మూసుకుని పాడుతూ, మేమున్న సంగతే మర్చిపోయాడు. డాక్టరుగారు తలుపు దగ్గరికి వేయవలసి వచ్చింది.

తిరిగి వస్తూ దారిలోనే మావయ్య గడియారాల పెద్దాయనకు ఫోన్ చేశాడు. "రేపు పోటీలోంచి నా పేరు కొట్టేయండి. కానీ బల్ల చివర కాస్త చోటుంచండి. రంపం తెస్తున్నాను."

నేను నియమావళి మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తాలని మాత్రం రెండుసార్లు అనిపించింది.

ఆదివారం ముగ్గురం వెళ్లాం. మొదటి స్థానం ఒక ఓడకు వచ్చింది. చప్పట్లు అయ్యాక పెద్దాయన భూతద్దం తీసి మా బల్ల దగ్గరికి వచ్చి, తోక మీద కూర్చున్న విమానాన్ని చుట్టూ తిరిగి చూశాడు. నూనె మరకల దగ్గర బాగా ఆగాడు.

"నిలబడి ఉంటే ఓడ మునిగేదయ్యా," అన్నాడు. ఆ పైన కుర్చీ లాక్కుని తానూ కూర్చున్నాడు.

ముందు ఎంత బరువు కావాలో తేల్చారు. అత్తయ్య కాగితంతో చిన్న పొట్లం చేసి విమానం ముక్కుకు దారంతో వేలాడదీసింది. మావయ్య ఒక్కొక్క గుండూ వేస్తుంటే తాను లెక్కపెట్టింది. ఇరవై రెండో గుండు పడగానే ముందు చక్రం చప్పుడు లేకుండా బల్ల మీదికి దిగింది.

"ఇంకో నాలుగు వెయ్యండి," అంది. "తుమ్మినా లేవకూడదు."

తరవాత రంపం. ప్లాస్టర్ దవడలు కోసే సన్నటి రంపం అది. పెద్దాయన గడియారాలు బిగించే, తోలు తొడిగిన పట్టకారులో విమానాన్ని బిగించి రెండు చేతులతో అదిమి ఉంచాడు. చుట్టూ చేరినవాళ్లలో ఓడ చేసినాయన కూడా ఉన్నాడు. తొమ్మిది నిమిషాలు పట్టింది. ముక్కు ఊడి మావయ్య అరచేతిలోకి వచ్చింది. పగుళ్లు లేవు. చిగుళ్ల నమూనాకు వాడే గులాబీ రంగు మైనం కరిగించి, ఇరవై ఆరు గుళ్లనూ దానితో ముక్కు లోపల నిలబెట్టాడు. యుద్ధవిమానం లోపల పసిపాప చిగుళ్లు మెరిశాయి. క్షిపణుల మీద నాకున్న అభ్యంతరం ఆ క్షణానికి ఎటు పోయిందో తెలియదు.

ముక్కు మళ్లీ అతికించి, పట్టకారు విప్పి, బల్ల మీద దించి, చేతులు తీశాడు. విమానం మూడు చక్రాల మీద నిలబడింది. అత్తయ్య బల్లను ఒకసారి కావాలనే తట్టింది. కదల్లేదు.

పెద్దాయన వంగి అతుకు మీద గోరు పోనిచ్చాడు. రంపం తిన్నంత మేర సన్నటి గాడి మిగిలింది. నిజం గీతకన్నా కాస్త వెడల్పు. "ఇది పూడ్చి, అరగదీసి, పైన రంగు కొట్టు. వచ్చే ఏడు మొదటి స్థానం నీదే. నా నోటితో నేనే చెప్తున్నా."

మావయ్య చెయ్యి అలవాటు చొప్పున జేబులోని గరుకుకాగితం మీదికి వెళ్లింది. తీశాడు. నాలుగు మడతలు పెట్టాడు. గాడి మీద గోరు పెట్టి తానూ ఒకసారి చూసుకున్నాడు.

"తగుల్తోంది కదా?" అన్నాడు పెద్దాయన.

"తగలనీండి," అన్నాడు మావయ్య కాగితం మళ్లీ జేబులో పెట్టుకుంటూ. "దీన్ని ఎవరూ నోట్లో పెట్టుకోరుగా."

వచ్చే ఏడు పోటీకి ఆ గాడితోనే తీసుకురావాలని ఆయన అక్కడే, నిలబడి ఉన్న విమానం ముందు, నిర్ణయించుకున్నాడు.