మిగతా రాళ్లు వేసిన మేస్త్రి

మా మేస్త్రి పోయాడు. సెలవు మీద ఊరెళ్లి నెల కూడా కాలేదు. శుక్రవారం పొద్దున రూమ్‌లో బట్టలు ఉతుక్కుంటుంటే వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కోపం. మా వాదన తేలకుండా ఎలా పోతాడండీ ఈ మనిషి?

మస్కట్ పక్కన అల్ హైల్‌లో తొమ్మిదేళ్లు ఒకే రూమ్‌లో ఉన్నాం. ఆయనది పల్నాడు, నాది నల్గొండ. మధ్యలో కృష్ణ, కృష్ణ మీద పెద్ద డ్యామ్. వయసులో ఉండగా ఆయన ఆ డ్యామ్‌కు రాళ్లు పేర్చాడు. దానికి పునాదిరాయి వేసిన మన మొదటి ప్రధాని ఆయనకు దేవుడు. క్యాలెండర్‌లోంచి ఆ ఫోటో కత్తిరించి మంచం పైన గోడకు అంటించుకున్నాడు. నాకు ఐదేళ్లప్పుడు అదే డ్యామ్ నీళ్లలో మా ఊరు మునిగింది. ఎడ్లబండి మీద సామాను, సామాను మీద నేను. మునిగిన పొలానికి బదులుగా సర్కారు ఇచ్చిన బీడులో రాళ్లు ఏరుతూనే మా నాయన కన్నుమూశాడు. ఇక ఆ ఫోటో కింద నాకు నిద్రెలా పడుతుంది?

సైట్‌లో ఇంకో బాధ. స్లాబ్ పోసే ప్రతిసారీ ఆయన ఉపన్యాసం ఇవ్వాల్సిందే. కాంక్రీటు లారీ తిరుగుతూ ఉంటుంది, ఎండ మాడు పగలగొడుతుంటుంది, టైమ్‌కీపర్‌నైన నేను గడియారం చూస్తూ పళ్లు నూరుతుంటాను. ఆయన మాత్రం తీరిగ్గా పారకు కుంకుమబొట్టు పెట్టి మొదలుపెడతాడు: "ఆయన ఒక్క రాయేశాడు. మిగతాయన్నీ మేమేశాం. నాయకుడంటే అదీ!" తెలుగు రాని బిహారు వాళ్లు తలలూపుతారు. ఆపాల్సిన ఈజిప్టు ఇంజనీరు ఇంకా ఎగదోస్తాడు. నైలు మీద డ్యామ్ కట్టించిన వాళ్ల నాయకుడంటే ఆయనకూ పిచ్చే. వచ్చీరాని హిందీలో మా వాడు గొప్పంటే మా వాడు గొప్పని పోట్లాడుకుని, చివరికి ఇద్దరూ గొప్పేనని తేల్చుకుని చాయ్ తాగేవాళ్లు. మరి మునిగినవాళ్ల సంగతేమిటని అడిగితే, శుభమా అని పెళ్లి జరుగుతుంటే తుమ్మినవాణ్ని చూసినట్టు చూసేవాళ్లు.

అన్నిటికంటే ఒళ్లు మండేది బియ్యం దగ్గర. ఏటా సెలవు నుంచి వస్తూ సొంత పొలంలో పండిన బియ్యం మోసుకొచ్చేవాడు. వండి, పప్పు వేసి, మొదటి పళ్లెం నా ముందే పెట్టేవాడు.

"తిను అబ్బాయ్. మీ ఊరి నీళ్లతో పండినయ్యే."

అది వెటకారమో ప్రేమో నాకు అంతుపట్టలేదు. మొదటిసారి పళ్లెం తోసేశాను. దానికి మూతపెట్టి ఉంచాడు. ఆకలి రుచెరగదంటారు గానీ, సాయంత్రం చల్లారిన ఆ అన్నం ఎంత బాగుందో నా నాలుకకు తెలుసు. అదింకా మంట.

తుఫానుకు మస్కట్ మునిగిన ఏడాది మా రూమ్‌లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. జ్వరంతో ఉన్న నన్ను రెక్క పట్టి మేడ మీదికి ఈడ్చుకెళ్లింది ఆయనే. అరవై దాటిన మనిషి. ఆ రుణం నేను కాదనను. కానీ పైకెక్కాక, వణుకుతూనే అడిగాను: "ఇప్పుడు తెలిసిందా మేస్త్రీ, మునుగుడంటే?" ఆయన తడి తువ్వాలు పిండి నా నుదుటి మీద వేశాడు.

నాకు కావలసింది ఒక్కటే. మీ నాయనకు అన్యాయం జరిగింది అని ఒక్క మాట. ఆయన నోట అది రాలేదు. మొన్న సెలవుకు వెళ్లే ముందు కూడా అదే పోరు.

"ఊళ్లు మునక్కుండా డ్యామ్ ఎట్టా లేస్తది అబ్బాయ్? ఎన్ని పొయ్యిలు వెలిగినయ్యో చూడవేం?"

"గా మాట మా అమ్మ ముంగట నిలబడి అను. చూస్తా."

ఆయన వంగి సూట్‌కేసుకు తాడు కట్టుకున్నాడు. పోయేటప్పుడు నా వైపు చూడను కూడా లేదు, మొండిఘటం.

ఇప్పుడు వాళ్లమ్మాయి ఫోన్ పెట్టేయబోతూ, "నాన్న మొన్న మీ అమ్మగారి దగ్గరికెళ్లొచ్చాడు, మీకు చెప్పాడా?" అంది. నాకెందుకు చెబుతాడు! వెంటనే అమ్మకు ఫోన్ చేశాను.

"వచ్చిండు బిడ్డా. రెండు బస్సులు మారి వచ్చిండంట. మీ నాయన ఫోటో ముంగట చాన సేపు కూసున్నడు. 'అమ్మా, ఆ కట్టలో కొన్ని రాళ్లు నా చేత్తో పెట్టినయ్యే' అన్నడు."

"నువ్వేమన్నవమ్మా?"

"ఏమంట? పొలాలు పారినయా అన్నా అనడిగిన. పారినయ్ అన్నడు. పోనీలే అన్న."

పోనీలేనట! తొమ్మిదేళ్లు నేను పళ్ల బిగువున పట్టుకున్నదాన్ని అమ్మ ఒక్క మాటతో వదిలేసింది. నాతో అనాల్సిన మాట అక్కడ అని, ఆ సంగతి నాకు చెప్పకుండా పోయాడాయన. ఇద్దరి మీదా ఒళ్లు మండిపోయింది.

మీ ఊరెక్కడుండేదో చూపించమని ఆయనే అడిగాడట. ఆ ఎండలో ఇద్దరూ నీళ్ల ఒడ్డుకు నడిచారట. అమ్మ చెయ్యి చాపి గుడి అక్కడ, బాయి అక్కడ, మా ఇల్లు అక్కడ అని చూపించిందట. మేస్త్రి చెప్పులు విప్పి ఒడ్డున పెట్టి, మోకాళ్ల లోతు దిగి, "ఇల్లు ఇటా అమ్మా? ఇంకొంచెం అటా?" అని అడుగుతూ ఆ నీళ్లలో నిలబడ్డాడట.